ఏది పట్టుకున్నా మూడునాళ్ళ ముచ్చటే. ఈ విసుగుకు మందుందా?

నిద్రలేని_కూకట్‌పల్లి

నమస్తే అందరికీ. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. విషయం వింటే కొందరికి నవ్వొస్తుందేమో, అయినా అడుగుతున్నా. నాకు బోర్ కొడుతుంది. ఆదివారం మధ్యాహ్నం భోంచేశాక అందరికీ వచ్చే రకం కాదు, పొద్దస్తమానం. వయసు 34, పెళ్ళయింది, ఒక పాప. జీతానికి లోటు లేదు, ఇంట్లో గొడవలు లేవు, అప్పులంటే ఫ్లాట్ లోను ఒక్కటే.

రాత్రి షిఫ్టులో ప్రొడక్షన్ సపోర్ట్ చేస్తాను. అంటే స్క్రీన్ మీద గ్రాఫులు చూస్తూ కూర్చోవడం, ఎర్రగా ఏదైనా వెలిగితే టికెట్ తెరిచి ఆన్‌కాల్‌లో ఉన్నవాణ్ణి నిద్ర లేపడం. ఏమీ వెలగకపోతే తెల్లారేదాకా అలా చూడటమే. ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఒకటుంది. సర్వర్ పడిపోయి, బ్రిడ్జి కాల్‌లో (అందరూ ఒకేసారి చేరే ఫోన్ కాల్) నలభై మంది గగ్గోలు పెడుతున్నప్పుడు నాకు ప్రాణం లేచొస్తుంది. తల పాదరసంలా పనిచేస్తుంది. అంతా సర్దుకోగానే మళ్ళీ మొదటికే.

ఇంటికొచ్చాక కూడా అంతే. కీబోర్డు కొన్నాను, ఇప్పుడు దుప్పటి కప్పుకుని బీరువా మీద పడుకుంది. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ పైకప్పుతో సైకిల్ ట్రాక్ వేశారని మంచి సైకిల్ కొన్నాను, అది బాల్కనీలో బట్టలారేసుకోవడానికి పనికొస్తోంది. సినిమా పెడితే ఒకటిన్నర స్పీడులో చూస్తాను, ఆ చూసేది కూడా ఫోన్ చేతిలో పెట్టుకునే. పాప బొమ్మలు పరిచి "నాన్నా నువ్వు డాక్టరు" అంటే కాసేపు డాక్టరుగా ఉంటాను, తర్వాత మనసు ఎటో పోతుంది, దానికి తెలిసిపోతుంది కూడా. ఉద్యోగాలు మారి చూశాను, కొత్త చోట కొన్నాళ్ళు బాగుంటుంది, అంతే.

కొత్త హాబీల లిస్టు ఇవ్వకండి దయచేసి. అవన్నీ అయ్యాయి. ఇలా ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఏం చేస్తున్నారు?

పచ్చిమిర్చి_బజ్జీ

రెండు గేదెల్ని కొను బ్రో. తెల్లవారుజామున మూడున్నరకి లేచి పాలు పిండి, పేడ తీసి, గడ్డి వేసి, కేంద్రానికి పోసొచ్చాక బోర్ కొడుతోందని ఎవడైనా అంటే అప్పుడు మాట్లాడదాం. కడుపు నిండినవాళ్ళ కష్టాలు ఇవి. మా నాయనమ్మ ఉంటే "తోచీ తోచనమ్మ తోడికోడలు పుట్టింటికి వెళ్ళిందట" అనేది.

ఆలేరు_అమ్మాయి

బజ్జీ గారూ, పని ఎక్కువుంటే విసుగు ఉండదని మీకెవరు చెప్పారండీ?

మాది నేత కుటుంబం. పోచంపల్లి రకం చీర నెయ్యాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చెక్క ముందు కూర్చుని, దారాన్ని ఒక మేకు చుట్టూ తిప్పి మళ్ళీ ఈ చివరకి, మళ్ళీ ఆ చివరకి. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు అలా పోయి రావాలి. నాలుగైదు గంటల పని. రోజుకి రెండు చీరలకి పోస్తే 18,000 సార్లు. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళే చేసేవాళ్ళు. మా అమ్మ చేసింది. మెడ పట్టేసేది, భుజం లేచేది కాదు. విసుగొచ్చేది కాదా అని అడిగితే "రాకేం, ఎవరికి చెప్పాలె" అంది. మా ఊళ్ళ వైపు చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ పడే అవస్థ చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది ఆయనకి. యంత్రం వచ్చాక మా అమ్మ ఆ చెక్కని కట్టెల పొయ్యిలో పెట్టేసింది, దాచుకోలేదు.

పాతతరం వాళ్ళకి బోర్ తెలీదనే మాట నేను నమ్మను. వాళ్ళని ఎవరూ అడగలేదు, అంతే.

ఒకటి మాత్రం చెప్తాను. ఆసు పోసేటప్పుడు అమ్మ పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు, నోళ్ళు ఆడుతూనే ఉండేవి. నువ్వు మాత్రం రాత్రంతా ఒక్కడివే కదా అన్నా, ఆ గ్రాఫులతో.

పచ్చిమిర్చి_బజ్జీ

సరే అక్కా, ఆ పాయింట్ మీకే. గేదెలు క్యాన్సిల్.

చదువరి_విశాఖ

దీని మీద కాస్త ఎక్కువగానే చదివాను (నాకూ ఇదే జబ్బు కాబట్టి), కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి.

2014లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో తిమోతీ విల్సన్ బృందం ఒక ప్రయోగం చేసింది. ఖాళీ గదిలో 15 నిమిషాలు కూర్చోవాలి, ఫోన్ లేదు, పుస్తకం లేదు, నీ ఆలోచనలతో నువ్వే. ఒక బటన్ మాత్రం ఉంటుంది, నొక్కితే చిన్న కరెంట్ షాక్. ఆ షాక్ ముందే రుచి చూపించారు, అది తప్పించుకోవడానికి డబ్బు ఇమ్మన్నా ఇస్తామన్న వాళ్ళనే లెక్కలోకి తీసుకున్నారు. అయినా 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు కనీసం ఒక్కసారైనా తమకి తామే షాక్ ఇచ్చుకున్నారు. ఒక మహానుభావుడు 190 సార్లు నొక్కాడు. కాబట్టి సర్వర్ పడిపోతే ప్రాణం లేచొస్తుందని నువ్వు సిగ్గుపడాల్సిన పనిలేదు.

రెండోది నీ ఒకటిన్నర స్పీడుకి సంబంధించింది. 2024లో టొరంటో విశ్వవిద్యాలయం వాళ్ళు (కేటీ టామ్, మైకేల్ ఇంజ్లిక్ట్) కొందరికి ఒకే వీడియో ఇచ్చి చూడమన్నారు, ఇంకో విడతలో నచ్చకపోతే వేరేదానికి దూకొచ్చు, ముందుకి జరుపుకోవచ్చు అన్నారు. దూకే స్వేచ్ఛ ఉంటే బోర్ తక్కువుంటుందని అందరూ ముందే అనుకున్నారు. తీరా చూస్తే దూకినప్పుడే బోర్ ఎక్కువ కొట్టింది. అంటే బోర్ కొట్టి మనం మార్చడం ఎంత నిజమో, మార్చీ మార్చీ బోర్ కొట్టించుకోవడమూ అంతే నిజం.

కెనడాలోనే జాన్ ఈస్ట్‌వుడ్ అనే సైకాలజిస్టు ఉన్నాడు. ఆయన లెక్కలో విసుగంటే ఏదో చెయ్యాలని గట్టిగా ఉండి, దేనిమీదా మనసు లగ్నం కాకపోవడం. ఏమీ లేకపోవడం కాదు, నీ ఇంట్లో కీబోర్డూ ఉంది సైకిలూ ఉంది. చెయ్యాలనే తపన కూడా ఉంది. రెండిటికీ మధ్య పట్టు దొరకట్లేదు. ఇంకో కొత్త వస్తువు తెచ్చి పడేస్తే పట్టు రాదు, అది నువ్వే చెప్పావు.

మాజీ_లోకో_కాజీపేట

బాబూ, నేను రిటైరైన లోకో పైలట్‌ని. నీ ఉద్యోగం, నా ఉద్యోగం ఒకటే. చూస్తూ కూర్చోవడం, ఏమీ జరగకూడదని కోరుకుంటూ ఉండటం.

కాజీపేట నుంచి బల్లార్షా వైపు రాత్రిపూట గూడ్సు నడపడం ఎలా ఉంటుందో చెప్తాను. బొగ్గు బండి, లూప్ లైన్లో (పక్క పట్టాల మీద) పెట్టేస్తారు, వెనకాల వచ్చే ఎక్స్‌ప్రెస్సులు ఒక్కోటీ దాటిపోవాలి. గంట, రెండు గంటలు. సిగ్నల్ ఎర్రగా అలాగే ఉంటుంది. మళ్ళీ కదిలాక పట్టాలు, స్తంభాలు, పట్టాలు, స్తంభాలు. మంచిర్యాల దాటాక ఎండాకాలంలో అర్ధరాత్రి కూడా క్యాబ్ ఇనుము వేడిగానే ఉంటుంది.

ఇంజన్లో వీసీడీ అని ఒక పరికరం ఉంటుంది. 60 సెకన్లపాటు డ్రైవరు ఏమీ చెయ్యకపోతే, అంటే నాచ్ (వేగం పెంచే పిడి) మార్చకపోతే, బ్రేకు ముట్టుకోకపోతే, హారన్ కొట్టకపోతే, ముందు లైటు వెలుగుతుంది. ఎనిమిది సెకన్లు చూసి బజర్ మోగుతుంది. ఇంకో ఎనిమిది సెకన్లకీ బటన్ నొక్కి పలక్కపోతే ఎమర్జెన్సీ బ్రేకు పడిపోతుంది. ఎవరి మీదో అనుమానంతో పెట్టింది కాదది, మనిషి మెదడు అలాంటిది కాబట్టి పెట్టారు.

కానీ మమ్మల్ని నిజంగా మెలకువగా ఉంచింది అది కాదు, సిగ్నల్ పిలవడం. నేనూ అసిస్టెంటూ ప్రతి సిగ్నల్‌నీ పైకి చెప్పాలి. వాడు చెయ్యి చాపి "డిస్టెంట్ డబుల్ ఎల్లో" (ముందున్న సిగ్నల్‌లో రెండు పసుపు దీపాలు) అంటాడు, నేను కళ్ళతో చూసి "డబుల్ ఎల్లో" అని తిరిగి చెప్పాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఇదేదో పిల్లల ఆటలా ఉంటుంది, కనబడుతోందిగా చెప్పడం ఎందుకు అంటారు. కొన్నాళ్ళకి వాళ్ళకే తెలుస్తుంది. నోటితో చెప్పాలంటే ముందు కన్ను అక్కడ ఆగాలి.

నువ్వూ ఆ గ్రాఫులతో అలా ఏదైనా చేసి చూడు. వట్టిగా చూడటం మనిషి వల్ల అయ్యే పని కాదు.

చదువరి_విశాఖ

లోకో గారు చెప్పినదానికి శాస్త్రం కూడా ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ వాయుసేన రాడార్ ఆపరేటర్లు స్క్రీన్ మీద చుక్కలు వదిలేస్తున్నారని నార్మన్ మాక్‌వర్త్ అనే ఆయన పరీక్షించాడు, 1948లో అచ్చయింది. గడియారం లాంటి ముల్లు ఒక్కో అడుగు కదులుతుంటుంది, ఎప్పుడో ఒకసారి రెండడుగులు దూకుతుంది, అది పట్టుకోవాలి. రెండు గంటల పరీక్షలో మొదటి అరగంటకే జనం తప్పడం మొదలైపోయింది. వాళ్ళు సోమరులు కాదు, యుద్ధంలో పనిచేసినవాళ్ళు.

ఫోకస్_గురు_99

ఫ్రెండ్స్ దీనికి ఒకటే సొల్యూషన్, డోపమైన్ డీటాక్స్. నలభై ఎనిమిది గంటలు ఫోన్, ఉప్పు, చక్కెర, మ్యూజిక్, మాటలు అన్నీ బంద్. డోపమైన్ మొత్తం రీసెట్ అయిపోతుంది. నేను చేశాను, లైఫ్ మారిపోయింది. నా ఛానల్‌లో పూర్తి ప్లాన్ ఉంది.

చదువరి_విశాఖ

ఛానల్ సంగతి మోడరేటర్ గారు చూసుకుంటారు గానీ, డోపమైన్ (మెదడులోని ఒక రసాయనం) రీసెట్ అవ్వడం అంటూ ఏమీ లేదండీ. 2019లో ఈ మాటని బాగా ప్రచారంలోకి తెచ్చిన కామెరాన్ సెపా అనే అమెరికా సైకాలజిస్టే డోపమైన్‌ని తగ్గించడం తన ఉద్దేశం కాదని, మనల్ని లాగే కొన్ని అలవాట్లకి వేళలు పెట్టుకోవడమే అని చెప్పాడు. ఉప్పు మానెయ్యమని ఎవరన్నారో నాకైతే తెలీదు, మజ్జిగలో ఉప్పు లేకపోతే వచ్చే బాధ వేరే.

డోపమైన్ కథ వేరు. 1990లలో వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన పనిలో బయటపడింది ఏమిటంటే, పళ్ళరసం అనుకోకుండా దొరికితే డోపమైన్ వదిలే నాడీకణాలు గట్టిగా స్పందిస్తాయి, వస్తుందని ముందే తెలిసిపోయాక రసం నోట్లో పడ్డా పెద్దగా కదలవు. రీల్స్ వేలితో పైకి తోస్తున్నంతసేపూ తర్వాత ఏమొస్తుందో తెలీదు, అదే దాని కిటుకు. రెండు రోజులు ఫోన్ పక్కన పెడితే మంచిదే, నిద్రైనా పడుతుంది. మూడో రోజు ఆ ఖాళీలో ఏం పెడతావన్నదే అసలు ప్రశ్న.

మోడరేటర్

ఫోకస్_గురు గారి ఛానల్ లింకు తీసేశాం. ఇంకెవరూ పెట్టకండి. అలాగే మందుల పేర్లు రావచ్చు, కానీ మోతాదులు మాత్రం రాయొద్దు.

ఎక్స్‌పైరీ_గురువారం

నా పేరు చూస్తేనే అర్థమైపోయుంటుంది. నిద్రలేని అన్నా, నీ పోస్టులో ట్రేడింగ్ మాట లేదు, దేవుడి దయ. నీలాంటి మనిషి ఆప్షన్స్ (షేర్ల ధర ఎటు పోతుందోనని ఆడే ఒప్పందాలు) వైపు చూడకూడదు, అది చెప్దామనే రాస్తున్నా.

మా ఆఫీసులో ఒకతను, అచ్చం నీలాగే. ఇంట్లో ఏ లోటూ లేదు. వీక్లీ ఎక్స్‌పైరీ రోజు (ఆ వారం ఒప్పందాల గడువు తీరే రోజు) మధ్యాహ్నం రెండు దాటాక మనిషి మొహం వెలిగిపోయేది, ప్రీమియం (ఆప్షన్ ధర) మూడు రూపాయల నుంచి నలభైకి పోతుంది, మళ్ళీ సున్నా, అంతా పది నిమిషాల్లో. డబ్బు కోసం ఆడుతున్నాను అనేవాడు. నాకైతే అలా అనిపించలేదు, ఎందుకంటే లాభం వచ్చిన రోజు కూడా బయటికి తీసేవాడు కాదు, వెంటనే ఇంకోదాంట్లో పెట్టేసేవాడు. స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో లెక్కలు బయటపెట్టింది కదా, మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్లకు పైనే. అంతమందీ ఆశపోతులే అంటే నేనొప్పుకోను. సగం మంది పొద్దుపోక ఆడారని నా లెక్క. రమ్మీ కూడా అంతే, 2025లో కేంద్రం చట్టం తెచ్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నిషేధించాక మా వాట్సాప్ గ్రూపులో కొందరు పిచ్చెక్కినట్టు అయ్యారు, డబ్బు పోయేది ఆగిందన్న సంతోషం ఒక్కడిలో లేదు.

టెక్సస్_తెలుగమ్మాయి

నా సంగతి వేరేలా ఉంది, ఇక్కడ రాయొచ్చో లేదో.

పెళ్ళయ్యాక డాలస్ దగ్గరికి వచ్చాను, హెచ్4 వీసా, అంటే హెచ్1బి ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది. హైదరాబాదులో టీమ్ లీడ్‌గా చేసిన దాన్ని. ఆయన హెచ్1బి గ్రీన్‌కార్డు దారిలో ఒక దశకి వస్తే గానీ నాకు ఉద్యోగం చేసే పర్మిట్ రాదు. పొద్దున ఆయన కారు తీసుకుని వెళ్ళిపోతే, ఇక బయట నలభై డిగ్రీల ఎండ, నడిచి వెళ్ళగలిగే కొట్టు ఒక్కటీ లేదు. అంట్లు డిష్‌వాషర్ తోముతుంది. మధ్యాహ్నం అమ్మకి ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి. నాకు మీరంతా చెప్పే శ్రద్ధ సమస్య ఏమీ లేదు, పుస్తకం ఇస్తే రోజంతా చదువుతాను. అయినా ఏమీ తోచక ఏడుపొచ్చేసేది. ఇంత సుఖంగా ఉండి ఏడుపేంటని అత్తగారు, ధ్యానం చెయ్యమని మా అక్క.

ధ్యానం చేస్తే నాకు వర్క్ పర్మిట్ వస్తుందా అండీ?

నాకు కొంత పనిచేసింది రెండు. ఒకటి డ్రైవింగ్ లైసెన్సు. రెండు, శనాదివారాల్లో మనబడిలో పిల్లలకి తెలుగు చెప్పడం. జీతం లేదు, కానీ ఎనిమిదేళ్ళ పిల్లాడు ణ రాయలేక నానా తంటాలు పడి రాసేస్తే వాడికంటే నాకే ఆనందం. మిగతా అయిదు రోజులు అలాగే ఉన్నాయి. అబద్ధం చెప్పను.

ఆలేరు_అమ్మాయి

అక్కా మీది విసుగు కాదు, కాళ్ళకి సంకెళ్ళు. దాన్ని మీ మనసులో లోపంగా ఎవరు చెప్పినా వినొద్దు.

సరళీస్వరం

విజయవాడలో పిల్లలకి సంగీతం చెప్తాను. విసుగు గురించి నా అంత అనుభవం ఇంకెవరికీ ఉండదేమో, రోజూ సాయంత్రం ఎదురుగా కూర్చుని ఆవలిస్తుంటుంది.

సరళీ స్వరాలు మీకు తెలిసే ఉంటాయి. మాయామాళవగౌళ రాగం, ఆది తాళం, స రి గ మ ప ద ని స. మొదటి వారం పిల్లలు కేకలు పెడతారు. నెల తిరిగేసరికి "టీచర్, పాట ఎప్పుడు?" తల్లిదండ్రులు కూడా అదే. పాట ఇచ్చేస్తే ఇంకో నెలకి ఆ పాటా బోరే.

నేను చేసేది ఏమిటంటే స్వరాలు మార్చను, పని కష్టం చేస్తాను. అదే వరస రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంతో, చెయ్యి మాత్రం అదే వేగంతో తాళం వెయ్యాలి. అది వచ్చిందా, మూడో కాలం. అదీ వచ్చిందా, స్వరాల పేర్లు తీసేసి అకారంలో పాడు. అదీ అయిందా, నేను తంబూర ఆపేస్తాను, వరస పూర్తయ్యాక మళ్ళీ పెడతాను, శ్రుతి జారిందో లేదో నువ్వే చెప్పు. పిల్లాడి మొహం అప్పుడు చూడాలి. ఇందాకటి దాకా కిటికీలోంచి చూసేవాడు కళ్ళు మూసుకుంటాడు, చెవి రిక్కిస్తాడు. స రి గ మలే, కొత్తగా ఏమీ ఇవ్వలేదు నేను. చిక్‌సెంట్‌మిహాయి అనే ఆయన 1970లలోనే చెప్పాడట, పని మన నేర్పుకి మరీ తేలికైతే విసుగు, మరీ బరువైతే కంగారు అని. మా గురువుగారికి ఆయన పేరు తెలీదు, ఇదే చేసేవారు.

నిద్రలేని గారూ, మీ కీబోర్డు ఎక్కడ ఆగిందో గుర్తుందా? నేను పందెం కాస్తాను, తేలిగ్గా వచ్చేవి అయిపోయి, ఎడమచెయ్యి మొదలయ్యే చోట.

నిద్రలేని_కూకట్‌పల్లి

టీచర్ గారూ, సరిగ్గా ఎడమచెయ్యి దగ్గరే. మీకెలా తెలిసింది!

అందరివీ చదివాను, ఆఫీసులోనే, గ్రాఫులు చూస్తూ. లోకో గారి మాట పట్టుకుని నిన్నటి నుంచి ఒకటి చేస్తున్నా. గంటకోసారి ఏ గ్రాఫు వచ్చే గంటలో ఎటు పోతుందో కాగితం మీద ముందే రాసుకుంటున్నా, తర్వాత సరిచూసుకుంటున్నా. పేమెంట్స్ ట్రాఫిక్ తెల్లవారుజామున ఎందుకు లేస్తుందో ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆలోచించలేదు, అది బ్యాచ్ జాబ్ (లావాదేవీలన్నీ కలిపి ఒకేసారి నడిపే పని) అని ఇప్పుడు వెతికితే తెలిసింది. బాగుంది. కానీ నాకు నా మీద నమ్మకం లేదు. ఇదీ కొన్నాళ్ళకి పోతుంది, అన్నీ పోయినట్టే.

ఇంకొకటి. మీరంతా ఏకాగ్రత, నేర్పు అంటున్నారు, నాకు చిన్నప్పటి నుంచీ ఇంతే. స్కూల్లో బెంచీ మీద కూర్చోలేకపోయేవాణ్ణి, పెన్సిల్ బాక్సు ఎన్నిసార్లు పోగొట్టానో, పరీక్ష ముందు రాత్రి మాత్రం దయ్యం పట్టినట్టు చదివి ఫస్ట్ క్లాసు తెచ్చుకునేవాణ్ణి. "తెలివి ఉంది, నిలకడ లేదు" అని ప్రతి మాస్టారూ అన్నారు. అది సాధనతో పోయేదేనా?

గుంటూరు_డాక్టరు

నేను సైకియాట్రిస్టుని. ఫోరంలో రోగనిర్ధారణ చెయ్యకూడదు, చెయ్యను. మీ చివరి పోస్టులో రెండో పేరా చదివాక మాత్రం ఊరుకోలేకపోయాను.

ఎప్పుడూ విసుగుగా ఉందని వచ్చేవాళ్ళలో నేను ముందుగా విడదీసి చూసేవి కొన్ని ఉన్నాయి. ఒకటి డిప్రెషన్. తేడా ఎక్కడంటే, విసుగున్న మనిషికి ఏదో కావాలని ఉంటుంది, అది దొరక్క చిరాకు. డిప్రెషన్‌లో ఆ కావాలనిపించడమే ఆరిపోతుంది, ఇష్టమైన బిర్యానీ ముందు పెట్టినా మట్టిలా ఉంటుంది. టెక్సస్ అమ్మాయి గారూ, ఏడుపు ఆగకపోయినా, నిద్ర, ఆకలి మారినా అక్కడి డాక్టరుతో ఒకసారి మాట్లాడండి. వీసా కారణమైనా డిప్రెషన్ డిప్రెషనే.

రెండు, పెద్దవాళ్ళలో ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య. మన దగ్గర ఇది గోడలెక్కే పిల్లలకే ఉంటుందనుకుంటారు. గోలచెయ్యకుండా, మార్కులు తెచ్చుకుంటూ, పైకి బాగా ఉన్నట్టే కనబడి ముప్పై దాటాక నా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది. లక్షణాలు కొన్నయినా 12 ఏళ్ళలోపే కనిపించి ఉండాలి. అందుకే మేం అమ్మానాన్నల్ని, పాత ప్రోగ్రెస్ కార్డుల్ని అడుగుతాం. అగ్గి రాజుకున్నప్పుడే మెదడు బాగా పనిచెయ్యడం, గడువు ముందురోజు దాకా కదలకపోవడం, ఆరంభశూరత్వం, ఇవన్నీ వాళ్ళు చెప్పే మాటలే. అయితే ఇవి ఉన్నవాళ్ళందరికీ ఏడీహెచ్‌డీ ఉండదు, అది గుర్తుపెట్టుకోండి.

మూడు, నిద్ర. ఏళ్ళ తరబడి రాత్రి షిఫ్టు చేసే మనిషి ఏకాగ్రతని అంచనా కట్టడం మాకే కష్టం. పగలు మీరు ఎంతసేపు, ఏ గదిలో, తెరలు వేసుకుని పడుకుంటారా లేదా, అవన్నీ అడుగుతాను నేనైతే. పరీక్ష కన్నా ముందు అదే.

మందులున్నాయి, మిథైల్‌ఫెనిడేట్, అటామాక్సెటిన్ లాంటివి, సైకియాట్రిస్టు చూసి రాయాల్సినవే, స్నేహితుడి దగ్గర అడిగి మింగేవి కావు. చాలామందికి పనిచేస్తాయి. అయితే మందు మీకు కీబోర్డు నేర్పదు, సరళీస్వరం గారే నేర్పాలి.

ఇంకో మాట, మార్విన్ జుకర్‌మన్ 1964లోనే ఉత్తేజం కోసం వెతికే స్వభావాన్ని కొలిచే పట్టిక తయారుచేశాడు. తర్వాత అందులో నాలుగు విడి పాయలు తేల్చారు. కొండలెక్కి దూకే సరదా ఒకటి, కొత్త అనుభవాల మీద మక్కువ ఒకటి, అదుపు తప్పి సరదా చెయ్యడం ఒకటి, విసుగుని ఓర్చుకోలేకపోవడం ఒకటి. ఇవన్నీ మనిషి మనిషికీ వేరుగా ఉంటాయి. అది స్వభావం, జబ్బు కాదు. అందుకని మీకు ఏదీ లేదని తేలే అవకాశం కూడా ఉంది, అప్పుడు పైన వీళ్ళు చెప్పినవే వైద్యం.

ముగ్గురు_పిల్లల_అమ్మ

డాక్టర్ గారూ, మా పెద్దవాడికి పదమూడు. వేసవి సెలవుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా "అమ్మా బోర్ కొడుతోంది" అంటూ వెనకాలే తిరుగుతాడు. ట్యాబ్ ఇస్తే గానీ ఊరుకోడు. ఇదీ ఏడీహెచ్‌డీయేనా?

గుంటూరు_డాక్టరు

అమ్మా, ఆ వయసులో సెలవుల్లో బోర్ కొట్టకపోతే అప్పుడు కంగారుపడండి. స్కూల్లోనూ ఇంట్లోనూ రెండు చోట్లా, సెలవులు కాని రోజుల్లో కూడా, చదువూ స్నేహాలూ దెబ్బతినేంతగా ఉంటే చూపించండి. లేకపోతే ట్యాబ్ ఇవ్వకుండా ఒక గంట ఆగి చూడండి, ఏం కనిపెడతాడో. ఇంట్లో ఏదైనా విరగ్గొడితే నన్ను తిట్టుకోవద్దు.

ముగ్గురు_పిల్లల_అమ్మ

ఆగి చూశానండీ. మిక్సీ మూత విప్పేశాడు.

పచ్చిమిర్చి_బజ్జీ

ఇంజనీరు అవుతాడు మేడమ్, తర్వాత కూకట్‌పల్లిలో గ్రాఫులు చూస్తాడు.

నిద్రలేని_కూకట్‌పల్లి

బజ్జీ బ్రో, నీ సంగతి తర్వాత చూస్తా.

లోకో గారూ, ఒకటి అడగాలి. ఆ వీసీడీ బటన్ నొక్కడం కూడా కొన్నాళ్ళకి అలవాటైపోదా? నేను గంట గంటకీ కాగితం మీద రాసేది కూడా చూడకుండానే రాసేస్తానేమోనని భయం.

మాజీ_లోకో_కాజీపేట

అవుతుంది బాబూ, అవ్వకుండా ఎలా ఉంటుంది. కళ్ళు మూతలు పడుతున్నా చెయ్యి దానంతటది పోయి నొక్కేస్తుంది. బండి ఆగదు, మనిషి మాత్రం అక్కడ ఉండడు. అందుకే అసిస్టెంటు ఉన్నాడు. సిగ్నల్ పేరు చూడకుండా చెప్తే వాడు పట్టేస్తాడు, వాడు చెప్తే నేను పట్టేస్తాను. ఒక్కోసారి కావాలని తప్పు చెప్పేవాణ్ణి కూడా, వాడు వింటున్నాడో లేదో చూద్దామని. రూల్ పుస్తకంలో అది లేదు, మీరెవరూ పైకి రాయకండి.

నువ్వు రాసే అంచనాలు ఇంకొకరికి చూపించే ఏర్పాటు చేసుకో. మీ షిఫ్టులో ఇంకెవరూ ఉండరా?

నిద్రలేని_కూకట్‌పల్లి

పుణె నుంచి ఒకతను ఉంటాడండీ, చాట్‌లో. షిఫ్టు మొదట్లో హాయ్, చివర్లో బై, అంతే మా మాటలు. అడిగి చూస్తాను. పందెం పెడతాను, తప్పిన అంచనాకి ఒక టీ. డబ్బు పందేలు కావు, ఎక్స్‌పైరీ అన్నా కంగారుపడకు.

డాక్టర్ గారూ, ఎక్కడ చూపించుకోవాలి? ప్రైవేటులో అడిగితే గంట మాట్లాడటానికే చాలా చెప్తున్నారు.

గుంటూరు_డాక్టరు

మీరు హైదరాబాదులోనే ఉన్నారు కాబట్టి ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఔట్‌పేషెంట్ విభాగానికి వెళ్ళొచ్చు, ప్రభుత్వానిదే. పేరు విని జంకకండి, అక్కడికి మీలాంటి వాళ్ళు రోజూ వస్తారు. అక్కడ రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళండి. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ 14416, 2022 నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. షిఫ్టు దిగి నిద్ర లేకుండా మాత్రం వెళ్ళకండి, ఒక రోజు సెలవు పెట్టి పడుకుని వెళ్ళండి. స్కూలు ప్రోగ్రెస్ కార్డులుంటే పట్టుకెళ్ళండి.

నిద్రలేని_కూకట్‌పల్లి

కార్డులు అమ్మ దగ్గరున్నాయి, ఖమ్మంలో. ఫోన్ చేసి అడిగితే "ఎందుకురా, మళ్ళీ ఉద్యోగం మారుతున్నావా" అంటోంది. ఈ ఆదివారం వెళ్ళి తెచ్చుకుంటా.

సరళీస్వరం

వెళ్ళేలోపు ఆ కీబోర్డు మీద దుప్పటి తియ్యండి. ఎడమచెయ్యి ఒక్కటే, నెమ్మదిగా, నాలుగు స్వరాలు. పాపని పక్కన కూర్చోబెట్టుకుని మీరు ఎక్కడ తప్పారో దాన్ని చెప్పమనండి. పిల్లలు ఆ పని బ్రహ్మాండంగా చేస్తారు.